సాసర్ కింది చీటీ

"ఏమోయ్, టీ!" అని ముందుగదిలోంచి కేక వినిపిస్తే ఆ ఇంట్లో ఎవరికో టీ కావాలని కాదు. పాఠం చెబుతున్న మాస్టారికి ఏదో ప్రశ్న అడ్డం పడిందని. గోడవతల వంటింట్లో ఆయన భార్య కూరలు తరుగుతూనే పాఠమంతా వింటూ ఉంటుంది. కేక పడగానే జవాబు చీటీ మీద రాసి, సాసర్ కింద పెట్టి, కప్పుతో సహా పట్టుకెళుతుంది. ఆయన ఓ గుక్క తాగి, కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నట్టు నటించి, ఆ జవాబే చెబుతారు. పదకొండేళ్ళుగా ఇదే తంతు.

ఇంగ్లిషు ఎమ్మే ఆవిడది, ట్యూషన్ సెంటర్ బోర్డు మీద పేరు ఆయనది. నోట్సు రాసేదీ ఆవిడే, ఇస్త్రీ బల్ల మీద ఆయన చొక్కాలు ఓ పక్కకు జరిపి. సొమ్మొకడిది సోకొకడిది! అత్తగారు మాత్రం వచ్చినవాళ్ళందరితో "మావాడి బుర్రంతా ఆ నోట్సులోనే ఉంది" అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. మండటం కూడా ఇంటిపనుల్లో ఒకటైపోయిందని తెలిసి మానేసింది. ఆ కోపాన్ని తీసుకెళ్ళి నోట్సులో ఉదాహరణల కింద సర్దేసింది. ఆయన ఎప్పుడూ గమనించలేదు. పైకి చదవడానికీ, చదివింది తను వినడానికీ తేడా ఉంటుంది కదా.

ఇవాళ సంగతి వేరు. ఆ నోట్సు చూసి ముచ్చటపడిన ఓ కాలేజీ ప్రిన్సిపాల్, రాసిన మనిషి పాఠం విందామని వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. నచ్చితే మాస్టారికి లెక్చరర్ ఉద్యోగం. అది తనకు రావలసిన ఉద్యోగం. ఆ మాట మనసులోనైనా పూర్తిగా అనుకోవడానికి ఆవిడకి పొద్దుటినుంచీ ఇప్పటిదాకా పట్టింది.

పాఠం కండిషనల్ వాక్యాలు, అంటే 'ఇలా అయితే అలా' అనేవి. మాస్టారు గొంతు సవరించుకుని నోట్సులోని ఇంగ్లిషు వాక్యాలు చదివి, వాటి అర్థం చెబుతున్నారు. "ఎప్పుడూ జరిగేది జీరో కండిషనల్. ఆయన పిలిస్తే నేను పలుకుతాను. జరగబోయేది ఫస్ట్. టీ ఆలస్యమైతే ఆయన విసుక్కుంటారు. ఉత్త ఊహ అయితే సెకండ్. నాకంటూ ఒక బల్ల ఉంటే దానిమీద ఎవరి చొక్కాలూ పెట్టనివ్వను. జరగకుండా పోయినది థర్డ్. నాన్న నా పెళ్ళికి ఇంకో ఏడాది ఆగి ఉంటే నేను లెక్చరర్‌నయి ఉండేదాన్ని."

పిల్లలు రాసుకున్నారు. ప్రిన్సిపాల్ మాత్రం తలెత్తి ఆయన వైపు వింతగా చూసింది.

ముందు వరసలోని అమ్మాయి లేచింది. "సార్, అయిపోయినదాని గురించి 'అలా జరిగి ఉంటే' అనుకుని ఏం లాభం? దానికో వాక్యం ఎందుకు?"

మాస్టారు వంటింటి గోడవైపు తిరిగారు. "ఏమోయ్, టీ!"

వంటింట్లో ఆవిడ అలవాటుగా చీటీ అందుకుంది. 'బాధ తెలపడానికి' అని రాసి ఆగిపోయింది. అబద్ధం. ఆ వాక్యం రాసినప్పుడు తను బాధపడలేదు, లెక్క తేల్చుకుంది. ఈ సంగతి చీటీలో పట్టదు. చీటీ చించేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని ముందుగదిలోకి నడిచింది.

"జరిగిపోయినదాన్ని మార్చడానికి కాదమ్మా" అంది ఆ అమ్మాయితో. "ఎక్కడ ఆగిపోయామో, ఎవరు ఆపారో తెలియడానికి. అది తెలిస్తే మళ్ళీ అక్కడ ఆగం."

ఆ అమ్మాయి తలూపి, కూర్చోవడం మర్చిపోయింది. మాస్టారు "నువ్వు లోపలికెళ్ళు" అన్నారు మెల్లగా. ఆవిడ కదల్లేదు.

"ఈ నోట్సు రాసింది మీరే కదూ?" అంది ప్రిన్సిపాల్.

"నేనేనండీ."

"మా కాలేజీకి వస్తారా?"

మాస్టారు నవ్వు తెచ్చిపెట్టుకున్నారు. "దాందేముందండీ! నేను సరేనంటే వస్తుంది." గుమ్మంలోంచి అత్తగారు అందుకున్నారు. "ఇంటిపని తెమిలితే వస్తుందిలేమ్మా."

రెండూ ఫస్ట్ కండిషనలే, అనుకుని ఆవిడ లోలోపల నవ్వుకుంది. తర్వాత ప్రిన్సిపాల్ వైపు తిరిగింది.

"సోమవారం నుంచి వస్తున్నానండీ. మొదటి క్లాసు ఎన్నింటికి?"