పన్నెండు మూటల సర్‌ప్లస్

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు సారంగపాణి చేతిలో ఉన్నవి మూడు వందల అరవై హాలీ రూపాయలు. అందులో నూరు, భార్య కళావతి వెండి కడియాలు తాకట్టు పెడితే వచ్చినవి. వరంగల్ బజారులో అతనిది తాళ్లు, గోనెసంచుల దుకాణం. ఉగాదికి కిరాయి రెండు వందలు కట్టాలి. కడితే సరుకుకు డబ్బు చాలదు. సరుకు కొంటే కిరాయికి ఉండదు. కట్టకపోతే దుకాణం తనకిమ్మని పక్క దుకాణం వెంకట్రాజం అప్పటికే యజమాని చెవిన వేశాడు.

పట్నం పక్కన దండుండే లష్కర్‌లో మిలిటరీ సామాను వేలం వేస్తున్నారని విని సారంగపాణి రైలెక్కాడు. అక్కడ పన్నెండు మూటలు, కుట్టు విప్పడానికి వీల్లేదు. పత్తి బేలు చూసే అలవాటుతో కుట్టు సందులో రెండు వేళ్లు దూర్చాడు. మెత్తటి గుడ్డ తగిలింది, దాని కింద గట్టి నూలుతాడు. అంతే, మూడు వందలకు పాడేశాడు. రవాణాకు ఇరవై అయింది.

ప్రతి మూట మీదా ఏదో ఇంగ్లీషు ముద్ర. వరంగల్ స్టేషన్‌లో గూడ్సు గుమాస్తా రాజేశ్వర్ రావు దాన్ని చదివాడు.

"సర్‌ప్లస్."

"అంటే ఏంది సార్?"

"అవసరం తీరంగ మిగిలింది."

"ఎవల అవసరం?"

"సర్కారుది."

"మరి నా అవసరం?"

"అది ముద్రల రాయలే, సేటూ."

దుకాణం వెనక ఇంట్లో విప్పితే గుడ్డ థాన్లు లేవు. మూటకొకటి చొప్పున పెద్ద పెద్ద వలలు, కన్నుకన్నుకీ ఆకుపచ్చ, మట్టిరంగు పీలికలు. ఫిరంగులు విమానాలకు కనపడకుండా కప్పేవట.

వెంకట్రాజం వచ్చి చూసి పోయాడు. "ఇమానాలు ఇటు రావు గని సారంగం, అప్పులోళ్లొస్తే కప్పుకోను పనికొస్తయి!"

బెస్తవాళ్లకు చూపిస్తే, కళ్లు పెద్దవి, చేప ఆగదన్నారు. కళావతి ఒక వల ముందేసుకుని పీలికలు విప్పసాగింది. "బొంతలకన్న అయితయి. కుట్ల దూరిన నీ ఏళ్లకు ఇంక జర బుద్ధి చెప్పుకో."

సారంగపాణిని మాత్రం 'మిగిలింది' అన్న రాజేశ్వర్ రావు మాట వదల్లేదు. పట్నంలో ఎక్కువైనది పల్లెలో ఎక్కడో తక్కువై ఉండాలి. ఎవరికి? ఒక వలను దుకాణం ముందు వేలాడగట్టి, వచ్చినవాళ్లందరినీ అడిగాడు: "దీంతోని నువ్వైతే ఏం జేత్తవ్?" బండివాడు గడ్డి మోపు కట్టొచ్చన్నాడు. ఒకామె పందిరేస్తానంది. కొంటానని ఎవరూ అనలేదు. ఉగాదికి ఇక పన్నెండు రోజులే ఉంది.

రఘునాథపల్లి నుంచి గొర్లకాపరి కొమురెల్లి పలుపుతాళ్లకు వచ్చాడు. వలను రెండు చేతులా సాగదీశాడు. వల కంటిలోకి పిడికిలి దూర్చి చూశాడు.

"గొర్రెపిల్ల తల గూడ పట్టది," అని గొణిగాడు.

"ఏందే కొమురెల్లీ, జర నాకు జెప్పు."

"మేం రాత్రి పూట రైతుల చేన్లల్ల మంద పెడ్తం గద సేటూ. పెంటకు బదులు వాళ్లు వడ్లిత్తరు. చేను మారినప్పుడల్ల దడికి కంప కొట్టాలె, మొయ్యాలె. ఇదైతే చుట్టి గాడిదె మీదేత్తే అయిపాయె."

"పీలికలు తీసేయించాల్నా?"

"వద్దొద్దు! గాలికి కదిలితే తోడేలు బెదురుతది."

లోపల పీలికలు విప్పుతున్న కళావతి చేతులు ఆగిపోయాయి.

"ధర?" అన్నాడు సారంగపాణి.

"ముందుగాల కట్టి సూత్త. మంద ఆగితే పైసలు, ఆగకుంటే నీ వల నీకే."

పైసా తీసుకోకుండా సరుకు గడప దాటించడం ఆ దుకాణంలో లేదు. అయినా సారంగపాణి వలను తానే చుట్టి ఇచ్చాడు.

ఎనిమిది రోజులు కొమురెల్లి జాడ లేదు. వెంకట్రాజం వచ్చి దుకాణాన్ని గడప నుంచి గోడ దాకా అడుగులేసి కొలుచుకున్నాడు. తొమ్మిదో రోజు అయిదుగురు కాపరులతో కొమురెల్లి దిగాడు. తోడేలు రెండుసార్లు వచ్చి దూరంనుంచే మళ్లిందట. ధర పైకి అనకుండా, రుమాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేశారు. వల ఒక్కింటికి నలభై, పదకొండు వలలు. డబ్బు లెక్కపెట్టాక కూడా కొమురెల్లి కదల్లేదు.

"గిన్ని కొన్నం. కొసరేది సేటూ?"

కళావతి పీలికలు విప్పేసిన వలను సారంగపాణి అతని భుజాన వేశాడు.

"తోడేలు దీనికి బెదరదు మరి!"

"కుక్కను కట్టుకుంట తియ్, సేటూ."

ఉగాది ముందురోజు కిరాయి కట్టి, అసలు నూరు, వడ్డీ అయిదు ఇచ్చి కడియాలు విడిపించాడు సారంగపాణి. వలలకు పెట్టింది మూడు వందల ఇరవై, వచ్చింది నాలుగు వందల నలభై. వడ్డీ పోను మిగులు నూట పదిహేను రూపాయలు, తట్టెడు పీలికలు, ఇంకో ఏడాదికి దుకాణం.