ముత్తక్క కుట్టిన విస్తళ్లు

వీరబాబుకు ఉన్నది ఒక్కటే జీపు. అదీ పాతది, ముసురు పట్టిన రోజున నలుగురు తోస్తే తప్ప కదలదు. భద్రాచలం నుంచి చర్లకు రోజుకు రెండు ట్రిప్పులు. లోపల పదిమంది, పైన అయిదుగురు, వెనక వేలాడేవాళ్లు లెక్కలోకి రారు. కానీ రెండేళ్ల కిందట కూసుమంచిలో మరదలు సరిత పెళ్లినాడు, కొత్త తోడల్లుడు భానుప్రసాద్ ఏం చేస్తుంటారని అడిగితే ట్రావెల్స్ అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. మూడు బండ్లు తిరుగుతాయని కూడా అన్నాడు. ఎన్ని బండ్లని అతన్ని ఎవరూ అడగలేదు. నోరు ఊరుకోలేదు, అంతే.

ఆ తోడల్లుడు ఇప్పుడు, ఆగస్టు నెల ముసురులో, భార్యను వెంటబెట్టుకుని హైదరాబాదు నుంచి దిగాడు. రాముణ్ణి చూడాలని ఆమె, గోదావరిని చూడాలని అతను. బ్యాంకులో ఆఫీసరు, మెడలో కొత్త డిజిటల్ కెమెరా. వారం రోజులుగా వానలు పడి చర్ల రోడ్డు మీద వాగులన్నీ పొంగాయి, జీపులు ఆగిపోయాయి. అందుకే వీరబాబు ఇంటిపట్టున ఉన్నాడు. చుట్టాలతో మాత్రం, వానలకు డ్రైవర్లు ఊళ్లకు పోయారని, అందుకే తానే తోలాల్సి వస్తోందని చెప్పాడు. ఆ మాట చెవిన పడగానే భార్య పుష్పలత వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమెకు అబద్ధమాడటం రాదు, మొగుణ్ణి పదిమందిలో బయటపెట్టడమూ రాదు.

మరునాడు పొద్దున్నే, చుట్టాలు ఇంకా లేవకముందే ముత్తక్క వచ్చింది. వానకు నెత్తిన గోనెసంచి కొప్పెరలా మడిచి పెట్టుకుని, చంకలో విస్తళ్ల కట్ట తడవకుండా పట్టుకుని వాకిట్లో నిలబడింది.

ముత్తక్క పుట్టిల్లు చర్ల అవతల అడవిలో ఒక కోయగూడెం. మొగుడు సీతయ్యతో కలిసి భద్రాచలంలో కరకట్టకు బయటి వైపు, వాగు ఒడ్డున గుడిసె వేసుకుని ఉంటోంది. ఎండాకాలమంతా పుట్టింటి అడవిలో అడ్డాకులు కోసి, ఎండబెట్టి, మోపులు కట్టి, వీరబాబు జీపు మీద తెచ్చుకుంటుంది. వానాకాలమంతా గుడిసెలో కూర్చుని విస్తళ్లు కుట్టి హోటళ్లకు వేస్తుంది. ఆ మోపులే ఆ ఇంటికి ఏడాది తిండి. మూడేళ్ల కిందట జీపు ఆగిపోయి, మలేరియా జ్వరంతో వీరబాబు రోడ్డు పక్కన పడి ఉంటే, ఈమే పుట్టింటికి మోయించుకుపోయి ఎనిమిది రోజులు గంజి తాగించింది. ఆనాటి నుంచి అతను తమ్ముడు, ఆమె అక్క.

"సుట్టాలొచ్చిండ్రట గదా తమ్మీ, కొత్త ఇస్తార్లు తెచ్చిన" అని కట్ట అందించింది. తర్వాత అసలు పని చెప్పింది. "వాగు ఎదురెక్కుతాంది. కింద శబరి నది గూడ నిండుగున్నదంట, నీళ్లు కిందికి గుంజవు. మోపులు ముప్పయి ఉన్నయ్. మీ బావకు కాలు పనిచెయ్యదాయె. జీపు తెస్తే రెండు ట్రిప్పులల్ల కట్ట మీదికి ఏస్కుంటం."

వీరబాబు నవ్వాడు. "పదింటికల్ల నీ గుడిసె ముంగట ఉంట అక్కా. మోపులు బయట పెట్టుకో. ఇంకెవ్వల్ని అడగకు" అన్నాడు. ఆ చివరి మాట అనకపోయినా నడిచేది. కానీ వీరబాబు ఏ మాటనైనా అవసరానికి మించి ఒక బెత్తెడు పొడుగ్గా అంటాడు. ఆమె సరేనని, లోపలికి తొంగి చూసి, చుట్టాలు లేవలేదని చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది.

గుళ్లో దర్శనం కాసేపు వీరబాబు పరువు తీసింది. లోపల మనవాళ్లున్నారు, నేరుగా తీసుకుపోతా అని రాత్రి అన్నాల దగ్గర చెప్పాడు. ఆ మనవాడు ఫోను ఎత్తలేదు. అందరితోపాటు లైన్లో నిలబడ్డారు. సరిత ఏమీ అనుకోలేదు, కళ్లు మూసుకుని నామం చెప్పుకుంటూ నడిచింది. భాను గోపురాన్ని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాడు. వీరబాబుకే లోపల ఉడుకుతోంది.

బయటికొచ్చి పర్ణశాలకు పోదామంటే రోడ్డు మునిగిందన్నారు. ఉష్ణగుండాలు నది అడుగున ఉన్నాయి. లాంచీలు ఆపేశారు. చూపించడానికి ఏమీ మిగల్లేదు. భాను మామూలుగానే, "పర్లేదన్నా, ఇల్లు చేరి పడుకుందాం" అన్నాడు. వీరబాబుకు అది చెంపదెబ్బలా తగిలింది. ఇంత దూరం వచ్చినవాళ్లకు తన ఊళ్లో చూడదగ్గది పడక ఒక్కటేనా అనుకున్నాడు.

స్నానఘట్టాల దగ్గర ఆగి నీటిమట్టం చూశాడు. నలభై మూడు అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక. భద్రాచలంలో బతికినవాడికి గోదావరి అడుగుల్లోనే అర్థమవుతుంది. నలభై మూడుకు ఎవరూ కంగారు పడరు. నలభై ఎనిమిదికి సామాను సర్దుతారు. యాభై మూడుకు ఇళ్లు వదులుతారు. గంటకు అర అడుగు చొప్పున పెరిగినా నలభై ఎనిమిది కావడానికి సాయంత్రం దాటుతుంది, అప్పటిదాకా ముత్తక్క గుడిసెకు ఢోకా లేదని మనసులో లెక్క తేల్చాడు. వాగు సంగతి ఆ లెక్కలో వేయలేదు. ఘట్టాల మెట్ల మీద నీళ్లు ఎంత ఉన్నా, వాగు వెనక నుంచి ఎదురెక్కి ముందుగా ఆ గుడిసెలనే పట్టుకుంటుందని అతనికి తెలియక కాదు. పొద్దున ఆమె చెప్పిందీ అదే. తెలిసినదాన్ని పక్కన పెట్టాడు, ఎందుకంటే అప్పుడు అది అడ్డమొచ్చింది.

జటాయువు పడ్డ చోటు చూపిస్తానని ఏటపాక తీసుకుపోయాడు. అక్కడ ఉండగా గడియారం పది చూపించింది. భానుతో చెప్పేద్దామనే అనుకున్నాడు. మిమ్మల్ని ఇంటి దగ్గర దింపుతాను, ఒక గంట పనుంది, మా అక్క మోపులు మోయాలి. ఇంతే మాట. నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే భాను ఫోనులో ఎవరితోనో అంటున్నాడు, "మా అన్నకు ఇక్కడ ట్రావెల్స్ ఉందిలే, బండికి ఇబ్బంది లేదు" అని. మూడు బండ్ల ఓనరు నెత్తిన అడ్డాకుల మోపు పెట్టుకుని బురదలో దిగితే ఏం బాగుంటుంది? వీరబాబు తెరిచిన నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత వెదురు బొమ్మల దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడ గంటన్నర పట్టింది.

ఒంటిగంటకు ఇంట్లో భోజనాలు. నాటుకోడి కూర, గారెలు. పుష్పలత ముత్తక్క తెచ్చిన విస్తళ్లు వేసి వడ్డించింది. సరిత విస్తరిని అటూ ఇటూ తిప్పి చూసి, ఎంత చక్కగా కుట్టారో అని మెచ్చుకుంది. హైదరాబాదులో అంతా కాగితం విస్తళ్లేనట, పప్పుచారు పోస్తే కిందికి కారిపోతుందట. పోయేటప్పుడు కొన్ని తీసుకుపోవచ్చా అని అడిగింది.

"ఎన్ని కావాలంటే అన్ని తీస్కపో" అన్నాడు వీరబాబు. "మోపులకు మోపులే వస్తయ్ మనకు."

పుష్పలత గరిట పట్టుకుని అతని వైపు చూసింది. ముత్తక్క దగ్గరికి పోయొచ్చావా అని ఆ చూపులోనే అడిగింది. వీరబాబు తల దించుకుని గారె తుంచాడు. ఆ వేళ వీధిలో మైకు బండి పోయింది. నీటిమట్టం నలభై ఎనిమిది దాటింది, రెండో ప్రమాద హెచ్చరిక, లోతట్టు జనం స్కూళ్లలోకి పోవాలి అని. గంటకు అర అడుగు కాదు, అడుగుకు పైనే ఎక్కుతోంది.

అప్పుడైనా విస్తరి ముందు నుంచి లేచి పరిగెత్తాల్సింది. కానీ మైకు వినగానే భాను హుషారుగా, వరద చూద్దామా అన్నాడు. వీరబాబుకు ఒక ఉపాయం తోచింది. ఎలాగూ కరకట్ట మీదికే పోతాం, అక్కణ్ణుంచి ముత్తక్క గుడిసె నాలుగడుగులు, వీళ్లను కట్ట మీద నిలబెట్టి తాను దిగి పని చూసుకుంటాడు. ఇటు చుట్టాలకు చూపించినట్టూ ఉంటుంది, అటు మాట నిలబెట్టుకున్నట్టూ ఉంటుంది. ఆ ఉపాయానికి తనను తానే మెచ్చుకుంటూ చెయ్యి కడుక్కున్నాడు. తమలపాకులు వేసుకుని, సరిత చీర మార్చుకుని బయల్దేరేసరికి మూడయింది.

కరకట్ట మీద తిరునాళ్లలాగే ఉంది. ఊరంతా వరద చూడటానికి వచ్చింది. మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్లు, బజ్జీల బండ్లు, పిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులు. గోదావరి ఆవలి ఒడ్డు కనిపించడం లేదు. ఎర్రటి నీళ్లలో చెట్లు వేళ్లతో సహా కొట్టుకుపోతున్నాయి. భాను నోరు తెరిచి చూస్తూ, "అన్నా, ఇది చాలు. ఇది చూడకుండా పోయుంటే ఏం చూసినట్టు" అన్నాడు. పొద్దుటి నుంచి ఆ మాట కోసమే వీరబాబు ఊరంతా తిప్పాడు. తీరా అది వచ్చేసరికి వినబడలేదు. అతను వాగు వైపు చూస్తున్నాడు. అక్కడ వాగు లేదు. గుడిసెల వరస లేదు. నీళ్ల మీద నాలుగైదు పైకప్పులు మాత్రం తేలినట్టు కనిపిస్తున్నాయి.

"అటు చూడు సరితా, ఇళ్లు మునిగిపోయాయి" అని భాను కెమెరా అటు తిప్పాడు. "ఎవరివో పాపం."

"మాయే సారూ" అంది పక్క నుంచి ఒక గొంతు.

ముత్తక్క. మోకాళ్ల దాకా బురద. పక్కన సీతయ్య కుంటికాలు చాపుకుని బియ్యం మూట మీద కూర్చున్నాడు. ఒళ్లో కోడి. ఆమె వీరబాబును చూసి నవ్వింది. ఆ నవ్వులో ఏమీ దాచుకోలేదు, రోజూ నవ్వే నవ్వే. భానుకు చెయ్యి చాపి చూపించింది. ఆ నీలం పట్టా కప్పింది మాది, దాని పక్కది కిషన్‌లాల్ వాళ్లది, అటు అవతల మునిగినవి కనపడవు అని. చుట్టాలొస్తే ఇల్లు చూపించినట్టే చూపించింది. ఆ తర్వాత నీలం పట్టా చుట్టూ తేలుతున్న గోధుమరంగు ముద్దల్ని చూపించి, అవి అడ్డాకు మోపులని చెప్పింది. తాళ్లు తెగి కొన్ని విడిపోయాయి. ఆకులు గుంపులు గుంపులుగా నీళ్ల మీద పరుచుకుని కిందికి పోతున్నాయి.

భాను కెమెరా దించాడు. "ముందే తెచ్చుకోలేకపోయారా?" అని మెల్లగా అడిగాడు.

సీతయ్య కోడిని సవరించుకుంటూ, ఎవరినీ తప్పు పట్టకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాడు. "పదకొండింటికి కిషన్‌లాల్ ట్రాలీ పెట్టిండు సారూ. ఏస్కొమ్మన్నడు. మా తమ్ముడు జీపు తెస్తనన్నడు, వస్తడు, మీరు పోండ్రని ఇదే పంపించింది."

"ఏ తమ్ముడు?" అన్నాడు భాను.

జవాబు చెప్పాల్సినవాడు పక్కనే ఉన్నాడు. ముత్తక్క అతని మొహం చూసి చప్పున, "దారిల నీళ్లొచ్చి ఉంటయ్, ఏం చేస్తడు" అంది. అంత జరిగినా అతనికి అడ్డం నిలబడింది. వీరబాబుకు ఆ క్షణాన ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. రెండేళ్లు మూడు బండ్ల అబద్ధం మోసినప్పుడు రాని సిగ్గు ఇది, లైన్లో నిలబడ్డప్పుడు వచ్చిన ఉత్తుత్తి సిగ్గు కాదు. నీళ్లలో దిగి మునిగిపోయినా వదలనిది.

"నేనే భానూ" అన్నాడు. "నేనే తెస్తనన్న. నాకున్నది గీ ఒక్క జీపే. మీ ముంగట మోపులు మోయనీకి నామోషీ అయింది."

భాను కెమెరా ఆపేశాడు. ఏ కోపమూ లేకుండా, "పొద్దున ఒక్క మాట చెప్తే నేనూ వచ్చి మోసేవాణ్ణి కదా అన్నా" అన్నాడు. సరిత కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తిట్టినా బాగుండేదని వీరబాబుకు అనిపించింది.

అతను ముత్తక్క చెయ్యి పట్టుకున్నాడు. ఇంటికి పోదాం, బావను నేను ఎత్తుకుంటా, ఎన్నాళ్లయినా మా ఇంట్లోనే ఉండండి అన్నాడు. అన్న మాట తన చెవికే బోలుగా వినిపించింది. పొద్దున ఇచ్చిన మాట కూడా ఇదే గొంతుతో ఇచ్చాడు మరి.

ఆమె మెత్తగా చెయ్యి విడిపించుకుంది. "వద్దు తమ్మీ. మీ ఇంట్ల సుట్టాలున్నరు గదా, ఇరుకైతది. మేం బడిల పండుకుంటం. అందరు ఆడికే పోతుండ్రు" అంది. బియ్యం మూట నెత్తికెత్తుకుంది. సీతయ్యకు భుజం అందించింది. నాలుగడుగులు వేసి, ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

"ఇస్తార్లు సరిపోయినయా తమ్మీ?"

వీరబాబు రెండడుగులు ముందుకు వేశాడు. "మిగిలినయ్ అక్కా."

"మిగిల్తే పారెయ్యకు, పైన పెట్టుకో" అంది ముత్తక్క. "ఈ యేడు ఇగ దొరకయ్."