అయిదో స్వరం

పొద్దుటి చలికి ఇత్తడి బూర మంచుముక్కలా ఉంది.

బావ దాన్ని పెదవులకు ఆనించాడు. ముందు గాలి వచ్చింది — ఉత్త గాలి. ఆ తర్వాతే పాట.

ఎప్పుడూ అంతే. గాలి ముందు. పాట తర్వాత.

మా అక్క మొగుడు ఊరి బ్యాండులో బూర ఊదుతాడు. నేను పక్కన డ్రమ్ము కొడతాను. నాకు అబ్బిన చదువు అయిదో తరగతి. చరిత్రంతా బావ ఊపిరిలోనే విన్నాను.

పదేళ్ల వయసులో ఒక జెండా పాట నేర్చుకున్నాడు. యుద్ధం వచ్చింది. జెండా మారింది. ఇరవై ఏళ్లకు ఇంకోటి నేర్చుకున్నాడు. మళ్లీ తుపాకులు, మళ్లీ రంగులు… ముప్పై అయిదేళ్లకు మూడోది.

మారినప్పుడల్లా మాకు కొత్త టోపీలు ఇచ్చారు. చెప్పులు మాత్రం పాతవే.

పాత పాట ఈల వేసినా జైలే. కానీ ఊపిరికి ఆ చట్టం ఎవరు చదివి వినిపిస్తారు?

"మధ్యాహ్నం కునుకులో కూడా పాత పాటే గురకపెడుతున్నావయ్యా! పక్కింటివాళ్లు వింటే నా కొంప మునుగుతుంది" అనేది అక్క, నవ్వుతూనే.

ఆ రోజుతో కొత్త జెండాకు తొలి ఏడాది నిండింది. కూడలి నిండా జనం. ముందు వరుసలో పెద్ద అధికారి, పక్కన ఆయన అత్తగారు. వాళ్ల వెనక తొమ్మిదో నెల పొట్టతో మా అక్క.

రెండో జెండా పాటకూ మూడోదానికీ మొదటి నాలుగు స్వరాలు ఒకటే. కొత్తది కట్టినవాడు అక్కడ బద్ధకించాడు. అయిదోది పాతదాంట్లో పైకెక్కుతుంది, కొత్తదాంట్లో కిందికి దిగాలి.

బావది పైకెక్కింది.

కూడలి గడ్డకట్టింది. అధికారి తల మావైపు తిరిగింది. అక్క చెయ్యి పొట్ట మీదికి పోయింది.

నేను దెబ్బ మార్చేశాను. ధైర్యం కాదు, భయమే. పెళ్లి దెబ్బ కొట్టాను. వేరే మేళాన్ని పిలిచే స్తోమత లేక, తన పెళ్లికి బావ తానే ఊదుకున్న పాటది.

బావ అందుకున్నాడు!

పైకెక్కిన స్వరం అక్కడే గిర్రున తిరిగి, పిచ్చుకల గుంపులా జనం మీద వాలింది.

ముందు అత్తగారి చెయ్యి కదిలింది. తర్వాత భుజం. "కొయ్యలా నిలబడ్డావేంటయ్యా అల్లుడూ!" అని ఆయన మోచేయి పట్టి లాగింది.

కూడలి ఆడింది. అక్క పొట్ట పట్టుకుని ఆడింది. ఒక పోలీసు టోపీ తీసి మరీ ఆడాడు. నేనూ నవ్వాను — నా ముఖానికి అలవాటు లేని పని.

పాట ఆగింది. అధికారి చెమట తుడుచుకున్నాడు.

"ఇదేం పాటయ్యా?"

"పెళ్లి పాటండీ" అన్నాడు బావ.

"ఎవరి పెళ్లి?"

"నాదేనండీ!" అంది అక్క వెనక నుంచి.

జనం గొల్లున నవ్వారు. ఆయన నవ్వు మీసం దాకా వచ్చి ఆగింది.

"సరే. ఇప్పుడు జెండా పాట కానివ్వు. మొదటి నుంచి."

గాలి ముందు.

ఒకటి… రెండు… మూడు… నాలుగు…

బావ నాకేసి చూశాడు. కళ్లలో అల్లరి. బుగ్గలు ఉబ్బాయి. ఇత్తడి ఎండలో వేడెక్కి మెరుస్తోంది.

నేను రెండు కర్రలూ ఎత్తి పట్టుకున్నాను — ఏ పాటకైనా…