పిన్నికి చేరని మాటలు

మా మెసేజింగ్ యాప్‌లో ప్రతి సందేశం చుట్టూ ట్యాగులనే పొడవాటి గుర్తుమాటలు ఉండేవి. వాటి బదులు చిన్న అంకెలు వెళ్ళేలా నేను మార్చాను. సందేశాల బరువు సగానికి తగ్గింది. పాత ఫోన్లలో పరీక్షించారా అని టెస్టింగ్ చూసే అమ్మాయి అడిగితే, "వాటిని ఇంకా ఎవరు వాడుతున్నారమ్మా?" అని అందరి ముందూ నవ్వేశాను.

నాలుగో రోజు మధ్యాహ్నం మా పిన్ని ఆఫీసుకొచ్చింది. ఆమె మాట్లాడుతుంది కానీ, చెవులు వినబడవు. దూరంగా ఉంటే మా మాటలన్నీ ఫోన్‌లో రాసుకోవడమే. రిసెప్షన్‌లో కుర్చీ అంచున కూర్చున్న మనిషి నన్ను చూసి లేచి నిలబడింది.

"నా మీద కోపమొచ్చిందా నాన్నా? మొన్న నీ పెళ్ళాం ముందు నిన్ను బద్ధకస్తుడన్నాను. నోరు జారింది. మూడు రోజులుగా నువ్వొక్క ముక్కా రాయలేదు. నాకేమో రాయడానికి మొహం చెల్లలేదు."

నేను రోజూ రాస్తూనే ఉన్నాను. ఆమె చేతిలోని పాత ఫోన్ చూశాక తెలిసింది: నా అంకెలు అర్థంకాక, ఆ ఫోనే వచ్చినవన్నీ చడీచప్పుడు లేకుండా పారేసింది. జవాబు రాకపోతే పనిలో ఉందనుకున్నాను. తల కొట్టేసినట్టయింది. కాగితం అడిగి తీసుకుని, 'తప్పు నాది పిన్నీ. నేను చేసిన మార్పు వల్ల నీకేవీ చేరలేదు' అని రాశాను.

ఆమె రెండుసార్లు చదివి ఊపిరి పీల్చుకుంది.

"అంతేనా? నాలాంటివాళ్ళు ఇంకా ఎంతమందున్నార్రా?"

నాకు తెలియదు. 'లెక్క చూసి చెప్తాను' అని రాశాను.

ఆమెను ఆటో ఎక్కించి, పైకెళ్ళి మార్పును వెనక్కి తీసుకున్నాను. అప్పుడు లెక్క చూశాను. పదకొండు వేల ఫోన్లు.