తలుపు వేసే వేళ

నవంబరు పద్నాలుగు, మంగళవారం. ఆ రోజు పొద్దున నేను తిన్నవి రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఒక అరటిపండు. రెండో గుడ్డు పెంకు సరిగా ఊడక సగం తెల్లసొన దానితోపాటే పోయింది. ఇంత వివరంగా ఎందుకు గుర్తుందంటే, ఆ సంగతి ఫోనులో చెల్లెమ్మకు చెప్పాను.

"ఉడికాక చన్నీళ్ళలో వెయ్యాలన్నయ్యా," అని నవ్వింది. "కాలేజీలో పాఠాలు చెప్పినవాడివి, గుడ్డు వలవడం కూడా నేనే నేర్పాలా?"

ఆ తర్వాత నేను రోజూ అడిగే ప్రశ్న అడిగాను.

"నిన్న తలుపు ఎన్నింటికి వేశావమ్మా?"

"తొమ్మిదిన్నరకి."

రాసుకున్నాను.

చెల్లెమ్మ నా తోడబుట్టినది కాదు. నేనామెను ఎన్నడూ చూడలేదు. మన వైపు నుంచి పరాయి దేశానికి కోడలిగా వెళ్ళింది. భర్త పోయాక ఎనిమిది గదుల ఇల్లు అద్దెలకిచ్చుకుంటూ, మంచాన పడ్డ అత్తగారిని చూసుకుంటూ అక్కడే ఉండిపోయింది. పని మీద వచ్చే పరదేశీలే ఆమె ఇంట్లో దిగేవారు.

నేను రిటైరయ్యాక చేరిన ఆఫీసు పనేమిటంటే, ఉద్యోగుల్ని పరాయి దేశాలకు పంపే కంపెనీలకు ఏ ప్రాంతం ఎంత భద్రమో చెప్పడం. ప్రాంతానికొక షీటు. షీటు పైన రంగు. ఆకుపచ్చ అయితే నిశ్చింతగా వెళ్ళవచ్చు. పసుపు అయితే జాగ్రత్తగా వెళ్ళవచ్చు. ఎరుపు అయితే వెళ్ళకూడదు, వెళ్ళినవాళ్ళు రెండు రోజుల్లో వచ్చెయ్యాలి. రంగు కింద ఏ నీళ్ళు తాగాలో, ఏ దారిన పోకూడదో, చీకటి పడ్డాక ఎంతసేపు బయట తిరగవచ్చో ఉంటుంది. నాలుగు ప్రాంతాలు నా వంతు. చెల్లెమ్మ ఉన్న ఊరు అందులో ఒకటి.

ఈ పనికి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. పేపర్లను నమ్మేవాణ్ణి కాదు. అధికారులు ఏ దేశంలోనైనా పరిస్థితి అదుపులో ఉందనే అంటారు. మామూలు మనుషుల్ని భయంగా ఉందా అని అడిగితే, ఊరి పరువు కోసమో మర్యాదకో లేదంటారు. అందుకని నేను రాత్రి వీధి తలుపు ఎన్నింటికి వేశారని మాత్రం అడిగేవాణ్ణి. భయం పెరిగేకొద్దీ తలుపులు పెందలాడే పడతాయి. ఈ ఒక్క మాటలో అబద్ధమాడాలని ఎవరికీ తోచదని నా నమ్మకం. మేనేజరు దాన్ని మీటింగులో చదివి వినిపించి "మాస్టారి తలుపు లెక్క" అని పేరు పెట్టాడు. ఆ ఊళ్ళో నాకు నాలుగు తలుపులు: మందుల షాపాయన, దర్జీ, బడి వ్యాను నడిపే ఆయన, చెల్లెమ్మ. నాలుగూ అయిదు లోపే పడితే ఎరుపు. అదీ నిబంధన.

మొదటి ముగ్గురూ వచ్చీరాని ఇంగ్లీషులో ఒక అంకె చెప్పి ఫోను పెట్టేసేవారు. చెల్లెమ్మ అలా కాదు. ముందు నేనేం తిన్నానో చెప్పాలి, ఆ తర్వాతే తలుపు సంగతి. రెండేళ్ళ క్రితం నా భార్య పోయింది. పదకొండో రోజు దాటాక ఆఫీసుకు వచ్చి, అలవాటు ప్రకారం ఫోను చేశాను. అంతవరకు నన్ను "మీరు" అనే మనిషి ఆ రోజు "ఏం తిన్నావన్నయ్యా?" అంది. నా జవాబు కోసం ఆగింది. ఏమీ తినలేదని చెప్పాక, నేను వెళ్ళి కాంటీనులో బ్రెడ్డు తెచ్చుకుని తింటున్న చప్పుడు వినిపించేదాకా ఫోను పెట్టలేదు. ఆ రోజు నుంచి నా నోటుబుక్కులో ప్రతి తేదీ కిందా రెండు విషయాలు ఉండేవి. తలుపు వేసిన వేళ, నేను తిన్నది.

అక్టోబరు నుంచి మిగిలిన ముగ్గురి అంకెలు దిగడం మొదలైంది. ఎనిమిది, ఏడు, ఆరున్నర. చెల్లెమ్మది మాత్రం తొమ్మిదిన్నర దగ్గర కదలకుండా నిలబడింది. మా పక్క సీటు అమ్మాయి నా బుక్కులోకి తొంగి చూసింది.

"మాస్టారూ, మీ చెల్లెలుగారి వీధికి సూర్యుడు వేరే ఉన్నాడా? ఊరంతా ఆరింటికి గడియ పెట్టుకుంటే ఆవిడొక్కతే తొమ్మిదిన్నర దాకా ఏం చేస్తుందండీ, గుమ్మంలో కూచుని చుక్కలు లెక్కపెడుతుందా?"

"మందుల షాపాయన పిరికివాడమ్మా. ఎదురుగా ఎవరైనా తుమ్మితే షట్టరు దించేసే రకం."

"దర్జీ?"

"ఆయనకు చూపు ఆనదు. చీకటి పడితే కుట్టలేడు."

"వ్యాను డ్రైవరుకి కూడా ఏదో ఒకటి చెప్పండి, వింటాను."

నేను నవ్వి బుక్కు మూశాను. ఇరవై ఎనిమిదేళ్ళు భూగోళం చెప్పినవాణ్ణి. నాలుగు కొలతల్లో మూడు ఒకవైపు ఉంటే నాలుగోదాన్ని అనుమానించాలని పిల్లలకు నేర్పినవాణ్ణి. అయినా నేను తిన్నానో లేదో కనుక్కునే మనిషి మాటను మూడింటికంటే బరువుగా తూచాను. షీటు మీద పసుపు అలాగే ఉంచి, "రాత్రి తొమ్మిది వరకు పెద్ద వీధుల్లో తిరగవచ్చు" అన్న వాక్యాన్నీ అలాగే ఉంచాను.

పద్నాలుగో తేదీ రాత్రి ఎనిమిదింటికి చెల్లెమ్మ ఇంట్లో అద్దెకున్న ఒక ఇంజినీరు, మన ఊరివాడే, మంచినీటి పైపులు వేయించడానికి వెళ్ళినవాడు, ఫోనులో డబ్బు వేయించుకోవడానికని వీధి చివరి కొట్టుకు వెళ్ళాడు. తిరిగి రాలేదు. కొట్టు ఆ సరికి మూసి ఉందట. ఒక చెప్పు దొరికింది.

ఆరో రోజున అతని భార్య మా ఆఫీసుకు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. బ్యాగులోంచి మా షీటు తీసి బల్ల మీద పరిచింది. నాలుగు మడతల కాగితం. ఆ తొమ్మిది గంటల వాక్యం కింద పెన్సిలుతో గీత ఉంది.

"ఈ గీత ఆయనే గీశారండీ. నేను వద్దు వద్దంటుంటే, చూడు, పెద్దవాళ్ళు కనుక్కుని రాశారు, నువ్వు ఊరికే కంగారు పడతావు అన్నారు." ఆమె గొంతు పెంచలేదు. "ఇది రాసింది ఎవరండీ?"

"నేనేనమ్మా."

"మీరెప్పుడైనా ఆ ఊరు వెళ్ళారా?"

"లేదమ్మా."

ఆమె నా ముఖంలోకి చూసింది. తిడుతుందని చూశాను, తిడితే బాగుండుననీ అనిపించింది. నేను ఇంకా నిలబడే ఉండటం ఆమె కంటబడింది కాబోలు, తాను కూర్చోవలసిన కుర్చీని నా వైపు జరిపింది. "కూర్చోండి," అంది. షీటును తిరిగి నాలుగు మడతలూ పెట్టి తీసుకుపోయింది. ఆ మడతలు ఆమె భర్త పెట్టినవే అయి ఉండాలి.

ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగాక చెల్లెమ్మకు ఫోను చేశాను. ఏం తిన్నావని అడగబోయింది. అడగనివ్వలేదు.

"నిజం చెప్పమ్మా. పద్నాలుగున తలుపు ఎన్నింటికి వేశావు?"

వెనకాల ముసలావిడ మూలుగు వినిపించింది.

"నాలుగింటికి," అంది చివరికి. "నెల్లాళ్ళ నుంచీ అంతే."

"మరి నాకు..."

"నీకు తొమ్మిదిన్నర చెప్పాను. అవునన్నయ్యా, చెప్పాను. అద్దెకున్న వీళ్ళు కంపెనీ బండిలో పక్క గేటున వస్తారు, పక్క గేటున పోతారు. వీధి తలుపు ఎప్పుడు పడిందో వాళ్ళకేం తెలుసు? పరదేశీల బండి వాకిట్లో ఉన్నన్నాళ్ళు మా ఇంటి జోలికి ఎవడూ రాడు. మొన్న దోచుకునేవాళ్ళు పక్కింట్లో దూరారు. ఎదురింట్లో దూరారు. మా గుమ్మం దాకా వచ్చి, బండి చూసి వెళ్ళిపోయారు. నువ్వు ఎరుపు వేస్తే వీళ్ళంతా పోతారు. ఆ తర్వాత ఈ ఇంట్లో నేనూ, లేచి కూర్చోలేని ముసల్దీ."

"నేను ఎరుపు వేస్తానని నీకెలా తెలుసు? నేనెప్పుడూ చెప్పలేదే!"

"రోజూ తలుపు సంగతి ఎందుకడుగుతావో ఆమాత్రం తెలియదా అన్నయ్యా? నువ్వు ఫోను చెయ్యడం మొదలెట్టిన నాలుగో నెలలోనే తెలిసింది."

నోటుబుక్కు మూసి మళ్ళీ తెరిచాను.

"ఆ అబ్బాయి వెళ్ళేటప్పుడు నేను వంటింట్లో ఉన్నాను," అంది. "గేటు చప్పుడు విన్నాను. బండి అనుకున్నాను. నడిచి వెళ్ళాడని తెలిస్తే కాళ్ళ మీద పడైనా ఆపేదాన్ని." ఆమె ఏడుస్తోంది. "మిగతా ఆరుగురినీ గడప దాటనివ్వను. నా మీద ఒట్టు. రేపు అంకె రాసేటప్పుడు ఆరు అని రాయి. ఆరు రాస్తే పసుపే కదా?"

అవును, ఆరు రాస్తే పసుపే. మిగతా ముగ్గురూ ఆ వారం నాలుగున్నర చెబుతున్నారు. నాలుగో తలుపు ఒక్కటే మిగిలింది, అది నా చేతిలో ఉంది.

"నువ్వు కూడా వాళ్ళ బండిలో వచ్చెయ్యి."

"అత్తయ్యను మంచంతో సహా మోసుకు రమ్మంటావా? నాకిప్పుడు ఈ దేశం కాగితాలే ఉన్నాయి. ఎవడు రానిస్తాడు?"

మేనేజరు గదిలోకి వెళ్ళాను. చెడ్డవాడు కాడు. అంతా విని, తలుపు దగ్గరకు వేసి, నాకు మంచినీళ్ళు ఇచ్చాడు. ఆరుగురినీ తీసుకొచ్చే బండిలో రెండు చోట్లు అడిగాను. నా ఎదుటే మూడు ఫోన్లు చేశాడు. మూడింటికీ ఒకటే జవాబు. ఉద్యోగులకు తప్ప బీమా వర్తించదు, సరిహద్దు దాటనివ్వరు.

"మన షీటు వెళ్ళేవాళ్ళ కోసం మాస్టారూ," అన్నాడు నేల వైపు చూస్తూ. "అక్కడ ఉండేవాళ్ళ కోసం కాదు. అసలు వాళ్ళకు దాంట్లో గడే లేదు."

ఆరేళ్ళుగా ఆ షీట్లు నింపుతున్నాను. ఆ గడి లేదన్న సంగతి నాకెప్పుడూ కనబడలేదు.

సీటుకు తిరిగొచ్చి పెన్ను తీశాను. పక్క సీటు అమ్మాయి నా బుక్కు వైపు చూసి, ముఖం అటు తిప్పుకుంది. ఇంకా ఆరుగురున్నారు. ఆరుగురి పెట్టెల్లోనూ ఎవరో ఒకరు పెట్టిన మా షీటు ఉండే ఉంటుంది. నాలుగో గడిలో నాలుగు అని రాశాను.

షీటు ఎర్రబడింది. మూడో రోజు మధ్యాహ్నం రెండు బండ్లు వచ్చి ఆరుగురినీ ఎక్కించుకుని వెళ్ళాయని కబురు వచ్చింది. ఆఫీసులో ఎవరో చప్పట్లు కొట్టబోయి, నన్ను చూసి ఆగిపోయారు. ఎరుపు పడిన ప్రాంతానికి ఇక రోజూ ఫోను చేయనక్కరలేదు, అదీ నిబంధనే. నేను బాల్కనీలోకి వెళ్ళి నా సొంత ఫోనుతో చేశాను. మాకు అయిదు కావస్తోంది. అక్కడ గంటన్నర వెనక.

మొదటి రింగుకే ఎత్తింది.

"ఏం తిన్నావన్నయ్యా?"

"అన్నం తిన్నానమ్మా."

"నీకు అబద్ధమాడటం రాదు."

"నీకు బాగా వచ్చు," అన్నాను.

ఇద్దరం నవ్వాం. అలా ఎలా నవ్వామో తెలియదు.

"నన్ను క్షమించమని అడగను," అన్నాను.

"అడగకు. నేనూ అడగను." తర్వాత అంది, "వెళ్ళేటప్పుడు వాళ్ళు ఆ అబ్బాయి పెట్టె ఇక్కడే వదిలేశారు. బండిలో చోటు లేదన్నారు. అతని బట్టలు మొన్ననే ఉతికి మడత పెట్టాను. వాళ్ళావిడ కనబడితే చెప్పు, పెట్టె భద్రంగా ఉందని."

భద్రంగా అన్న మాట ఆమె మామూలుగానే అంది.

"చెబుతాను," అన్నాను.

"వాకిలి బోసిగా ఉందన్నయ్యా. బండి చక్రాల గుర్తులు మాత్రం ఉన్నాయి. ఊడవలేదు, ఉండనీ అని."

ఆమె నడుస్తున్నట్టు చెప్పుల చప్పుడు వినిపించింది. వీధిలో ఎక్కడో కుక్క మొరిగి ఆగింది. ఎండ ఇంకా ఉందా అని అడిగాను. గోడ మీద సగం దాకా ఉందంది.

"ఇవాళ నువ్వు అడగనేలేదు," అంది.

"ఇక అడగనక్కరలేదమ్మా."

"రాసుకో. మూడు ఇరవై అయిదు. ఇది నిజం."

నా దగ్గర బుక్కు లేదు. రాసుకుంటున్నానని చెప్పాను.

"అత్తయ్యకు ఇప్పుడే కునుకు పట్టింది, చప్పుడైతే లేస్తుంది," అని గొంతు తగ్గించింది. కీలు కిర్రుమనకుండా తలుపును రెండు చేతులా పట్టుకుని నెట్టడం కోసం కాబోలు, ఫోనును ఎక్కడో పెట్టింది. తలుపు చట్రానికి ఆనిన చప్పుడు విన్నాను. తర్వాత గడియ మెల్లగా, ఒక్కొక్క అంగుళమే, చివరిదాకా జరిగింది.