ముక్కాలిపీట

గీసిన దారి కళ్ళెదుట ఉండగా జనం గీయని దారిలో ఎందుకు నడుస్తారు?

ఈ సందేహం ఆమెను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే పట్టుకుంది. పట్టణ ప్రణాళిక ఆఫీసులో నక్షాలు గీసే పని ఆమెది. ఒక పార్కుకి వంపులు తిరిగిన కాలిబాట ఎంతో ముచ్చటపడి గీసింది. గీసినట్టే కట్టారు. జనం ఆ వంపుల మొహం కూడా చూడకుండా గడ్డిని అడ్డంగా తొక్కుకుంటూ పోయారు. ఆ తర్వాత పెళ్ళయింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, జుట్టు నెరిసింది. సందేహం మాత్రం నెరవలేదు. చివరికి దాని అంతు తేల్చుకుందామని, ఆఫీసులో కుర్రకారు వెనక నవ్వుకుంటున్నా లెక్కచేయకుండా, విశ్వవిద్యాలయంలో పట్టణ, ప్రాంతీయ ప్రణాళికలో పరిశోధన డిగ్రీకి చేరింది.

ఆ డిగ్రీ ఇవాళ తేలాలి. ఆమె గైడుకి ఇదే ఆఖరి పనిదినం. సాయంత్రంలోగా ఆయన థీసిస్ మీద సంతకం పెట్టాలి. రేపటినుంచి ఆయన సంతకం చెల్లదు. కొత్త గైడు దగ్గర అంతా మొదటినుంచీ మొదలుపెట్టాలి.

అలాంటి రోజు పొద్దున్నే ఆమె వంటింటి గడపలో చతికిలబడి, తడిగుడ్డతో ఒక ముక్కాలిపీటను తుడుస్తోంది. నల్లబడిన పాత చెక్క. కూర్చునే చోట నునుపు తేలి, మధ్యలో అరచేయంత గుంట పడింది. ఒక కాలు కాస్త కురచ కావడంతో ఎక్కడ పెట్టినా ఒక పక్కకి ఒరుగుతుంది, ఎవరో చెప్పేది చెవి ఒగ్గి వింటున్నట్టు.

భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ చూశాడు. ఆయన బస్సు కండక్టరు.

"డిగ్రీ ఇచ్చేవాళ్ళు కుర్చీ కూడా వేస్తారే. పీట మోసుకెళ్ళక్కర్లేదు."

"ట్యాంకు సందులో పెద్దమ్మకి ఇచ్చేసి అటునుంచటే వెళ్తాను."

"మరి రేపటినుంచి నేను బూట్లెక్కడ కూర్చుని వేసుకోను?"

"నా నెత్తిన."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. పరాయివాళ్ళ వస్తువు ఇంట్లో ఉంచుకుని మంచిపనికి బయల్దేరడం ఆమెకి మనస్కరించలేదు. థీసిస్ కోసం ఆ సందులో సర్వే చేసే రోజుల్లో ఆ ముసలావిడే పిలిచి పీట వేసింది. ఆఖరిరోజు కుండపోతగా వాన కురిస్తే, ఆమె ఆ పీటనే గొడుగులా నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చిపడింది. అంతే, పీట ఇక్కడే ఉండిపోయింది. బస్టాపులో కనిపించినప్పుడల్లా ముసలావిడ అడిగేది, "నా పీటమీద ఇప్పుడెవరు కూర్చుంటున్నారే?" అని. "రేపు తెస్తా పెద్దమ్మా" అనేది ఆమె. ఆ రేపు ఇప్పటికి వచ్చింది.

దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఇంకేమీ అడగలేదు, ఒక్క సంతకం అడిగింది. థీసిస్ సంచి భుజాన వేసుకుని, పీట చంకన పెట్టుకుని బయల్దేరింది.

నీళ్ళ ట్యాంకు ముందు ఇరుకు సందు, సందుకి ఒక పక్క రేకుల ఇళ్ళు. సందులోంచి నేరుగా నడిస్తే బస్టాపు. ట్యాంకు వెనకనుంచి ఇంకో దారి ఉంది, బురదగా, చుట్టుతిరుగుడుగా. ఆమె పరిశోధన మొత్తం ఈ రెండు దారుల గురించే. దగ్గరి దారి ఉండగా జనం ట్యాంకు వెనక చుట్టుదారినే పోతున్నారని ఆమె కళ్ళారా చూసి రాసుకుంది. ట్యాంకు గోడ నీడ, బండ్ల రొద లేకపోవడం కారణాలని తేల్చింది. గైడు పొంగిపోయాడు. ఆ ఫలితం ఆమె ఆఫీసుదాకా పాకింది. ముందు సందును బండ్లకి వదిలేసి, నడిచేవాళ్ళు అందులోకి రాకుండా పక్కన గోడ కట్టి, వెనక దారే కాలిబాట చేయాలని ప్రతిపాదన. ఆ గోడ గీత ఇప్పుడు ఆమె బల్లమీదే, సగం గీసి ఉంది.

ముసలావిడ తలుపుకి తాళం. పక్కన బండిమీద ఇస్త్రీ చేస్తున్నావిడ తలెత్తింది.

"ఏం పలకమ్మా, చేతిలో పలకేదీ? పారేసుకున్నావా?"

సర్వేకి పట్టుకొచ్చే క్లిప్పు అట్టను చూసి ఆ సందు పెట్టిన పేరది.

"ఇవాళ పలక పని లేదులే. పీట ఇద్దామని వచ్చా. పెద్దమ్మేదీ?"

"తెల్లారుజామున ఆయాసం ఎక్కువైంది. కూతురొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. వచ్చేస్తుందిలే, మొండిఘటం. అక్కడ పెట్టిపోకు, చేతికియ్యకపోతే నన్ను తిడుతుంది."

కాసేపు చూద్దామని ఆమె గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చుంది. అదే పీట, అదే చోటు. సందు మొదట్లోంచి క్యారియరు ఊపుకుంటూ ఒకతను వచ్చాడు, ఆమె ముందునుంచే వెళ్ళిపోయాడు. బడిపిల్లలు తోసుకుంటూ పోయారు. బుట్ట నెత్తిన పెట్టుకుని ఒకావిడ పోయింది. మోకాలు నొప్పి తాతయ్య వచ్చాడు. ఆమెకి బాగా గుర్తు. రోజూ ట్యాంకు వెనకనుంచి కుంటుకుంటూ వచ్చేవాడు. 'వయసు మళ్ళినవారు సైతం' అని థీసిస్‌లో రాసింది ఆయన్ని చూసే. ఆయన కూడా ముందునుంచే వచ్చి, ఆమెకేసి చూడనైనా చూడకుండా బస్టాపుకి పోయాడు.

ఆమె పీటమీంచి లేచి ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళింది.

"వెనక దారి తవ్వేశారా ఏం?"

"ఎవరు తవ్వుతారు? అట్నుంచి ఎవరెళ్తారమ్మా, ఆ బురదలో?"

"నేను కూర్చున్నన్నాళ్ళూ అందరూ అట్నుంచేగా వెళ్ళింది!"

ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వింది. "నువ్వు కూర్చున్నావు గనకే తల్లీ! మెడలో కార్డు, ఒంటిమీద ఆఫీసు కోటు, చేతిలో పలక. నీ కంట పడితే పేరు రాసుకుపోతావని, ఇల్లు కొట్టించేస్తావని. నేనైతే మూట నెత్తిన పెట్టుకుని ఆ బురదలో పడ్డాను. ఆ పూట నిన్ను తిట్టని తిట్టు లేదు. ఇవాళ కార్డూ కోటూ లేవు, ఎవరూ నిన్ను పోల్చుకోలేదు."

"మరి పెద్దమ్మ పిలిచి పీటేసిందే?"

"నువ్వలా తిరుగుతుంటే ఏ గుమ్మంలోకి వస్తావోనని అందరికీ గుండెదడ. ఒక్కచోట కూర్చోబెడితే కంటికి కనపడుతూ ఉంటుంది, మనం తప్పుకుపోవచ్చు అంది. ముసల్ది మహా గడుసు."

ఆమెకి కూడా నవ్వొచ్చింది. సగంలోనే ఆగిపోయింది. బల్లమీద సగం గీసిన గోడ గుర్తొచ్చింది.

బస్సులో ఒళ్ళో థీసిస్, కాళ్ళ దగ్గర పీట. ఎవరికి తెలుస్తుంది? ఇస్త్రీ బండి మాట విశ్వవిద్యాలయందాకా వస్తుందా? సంతకం అయ్యాక నెమ్మదిగా చెప్పొచ్చు. కానీ అచ్చయిన థీసిస్‌ని పక్కనబెట్టి ఆమె నోటిమాట విని గోడ ఆపేదెవరు? తాతయ్య మోకాలు ఆ బురదలో ఎన్నాళ్ళు ఆగుతుంది? కిటికీ ఊచ పట్టుకుని కళ్ళు మూసుకుంది. చూసేవాడు ఎదురుగా ఉంటే నడిచేవాడి నడకే మారిపోతుంది. అది నీకు ముందే తెలుసా స్వామీ? అందుకేనా నువ్వు ఎవరికీ కనపడవు? జవాబుకి బదులు కుర్ర కండక్టరు వచ్చి పీటకి కూడా టిక్కెట్టు కొట్టమంటారా అని అడిగాడు.

గైడు గదిలో బీరువాలు ఖాళీ అయ్యాయి. పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. గోడమీద పటాలు తీసినచోట తెల్లటి చతురస్రాలు మిగిలాయి.

"కూర్చోమందామంటే కుర్చీలు కూడా పట్టుకుపోయారండీ."

"నేను తెచ్చుకున్నాను సార్."

ఆయన నవ్వి, కలం మూత తీసి, సంతకం పేజీ తిప్పాడు. కలం మొన కాగితం మీదికి వంగింది.

"సార్, ఒక్క నిమిషం."

ఆమె చెప్పింది. ఆయన కలం అలాగే పట్టుకుని విన్నాడు. మొన దగ్గర సిరా ఉబ్బి, చుక్కై పేజీ అంచున పడింది.

"ఈ ఫలితాన్ని నేను పెద్ద పెద్ద సభల్లో చెప్పాను" అన్నాడు చివరికి. "ఎవరో ఇస్త్రీ ఆవిడ అన్నదని..."

"ఆవిడ అనకముందే నేను చూశాను సార్. పలక లేకుండా కూర్చుంటే ఒక్కరు కూడా వెనక్కి తిరగలేదు."

"ఈ చూసేదేదో సంతకం అయ్యాక చూడకూడదూ?"

ఆ మాటలో వేళాకోళం లేదు. ఆమె తలదించుకుంది.

"అక్కడ గోడ కట్టబోతున్నారు సార్. ఆ గోడ గీస్తున్నది నేనే."

కారిడార్‌లో ఎవరో పెట్టెలు ఈడుస్తున్నారు. ఆయన కిటికీదాకా వెళ్ళి వచ్చాడు.

"నేను సంతకం పెట్టకపోతే మీకేమవుతుందో తెలుసా?"

"మొదటికొస్తానండీ."

"ఈసారి ఎలా లెక్కపెడతారు?"

"కూరల సంచి పట్టుకుని, సార్. వాళ్ళలో పడి నడుస్తూ."

ఆయన థీసిస్ మూసి ఆమెకేసి జరిపాడు. తెల్లకాగితం తీసుకుని ఆమె ఆఫీసుకి ఉత్తరం రాశాడు. పరిశీలనలో పొరపాటు దొర్లింది, ఫలితాన్ని ఉపసంహరించుకుంటున్నాము, మళ్ళీ సర్వే జరిగేదాకా గోడ పని ఆపవలసింది. కింద సంతకం చేసి చాలాసేపు దాన్నే చూశాడు.

"నా ఆఖరి సంతకం మీ థీసిస్ మీద పెడతాననుకున్నాను" అన్నాడు. "పదండి, తలుపేసుకోవాలి."

ఆఫీసులో అధికారి ఉత్తరం చదివి మొహం మాడ్చుకున్నాడు. అయినా స్టాంపు కొట్టి తీసుకున్నాడు. ఆమె బల్లమీది నక్షాను చుట్టచుట్టి పైఅరలో పెట్టేసింది. భుజాన సంచి పొద్దుటంత బరువూ ఉంది. పీట చంకన పెట్టుకుని ట్యాంకు సందుకి నడిచింది. ఈ సంగతి పెద్దమ్మకి చెబితే ఏమంటుందో ఆమెకి తెలుసు. "చూశావా, నా పీట మహిమ" అంటుంది.

ముసలావిడ తలుపు తాళం అలాగే ఉంది. ఇస్త్రీ ఆవిడ తలెత్తలేదు. మడతలో మడత వేస్తూ అంది, "మధ్యాహ్నం పోయిందమ్మా. ఇంకా తీసుకురాలేదు."

ఆమె పీటను చంకలోంచి దించి చేతుల్లోకి తీసుకుంది.

"ఆసుపత్రిలో కూడా జోకేనట, కూతురు ఫోనులో చెప్పింది. పలకమ్మ ఎప్పటికైనా పీట తెస్తే నా గుమ్మం దగ్గరే పెట్టమనవే, ఈసారి ఎవర్నీ దానిమీద కూర్చోనివ్వకు అందిట."

ఆమె కొంగుతో పీటను ఇంకోసారి తుడిచింది. గుమ్మం పక్కన ఎప్పుడూ ఉండే చోట దించి, దణ్ణం పెట్టుకుని, ఇస్త్రీ బండి వెనక్కి తప్పుకుంది. అప్పుడే బస్టాపునుంచి తిరిగొస్తున్న మోకాలు నొప్పి తాతయ్య దూరంనుంచి పీటను చూసి టక్కున ఆగాడు. ట్యాంకు వెనక్కి ఒక అడుగు తిప్పి, మళ్ళీ తేరిపార చూశాడు. పీటమీద ఎవరూ లేరు. కర్ర ఆనించుకుంటూ నేరుగా ముందు సందులోంచే వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళినవైపే చెవి ఒగ్గినట్టు కాస్త ఒరిగి, పీట ఖాళీగా ఉంది.