రెండు కింద ఎంత

తలుపు బిగుసుకుపోయిందని మేస్త్రీ చేతికి తెలిసింది గాని చెవికి తెలియలేదు. ఆ గది పనే అంత. చెవుల డాక్టరమ్మ తన ఆసుపత్రిలో ఒక మూల కట్టించుకుంటున్న పరీక్ష గది అది. మనిషిని లోపల కూర్చోబెట్టి సన్నటి చప్పుళ్ళు వినిపించి, ఏది వినపడిందో ఏది లేదో రాసుకుంటారు. బయటి చప్పుడు చీమంతైనా లోపలికి రాకూడదు. గోడలకీ కప్పుకీ జానెడు మందాన దూది పలకలు, ఒక పక్క రెండు వరసల అద్దంతో పలకంత కిటికీ, ఇంకో పక్క తలుపు. అంతే.

వెలుతురు ఎక్కడైనా చొరబడుతుందేమో చూద్దామని మేస్త్రీ లోపలికి వెళ్ళి, బయట ఉన్న బావమరిదిని తలుపు మూయమన్నాడు.

"కొంచెం బిగుతుగా ఉందే, బావా."

"కొత్త తలుపు బిగుతుగా ఉండక నీ చెప్పులా వదులుగా ఉంటుందేంట్రా? కొట్టు."

"విరిగితే నన్ననకు మరి."

"కొట్టరా అంటే!"

నాలుగు దెబ్బలు పడ్డాయి. మూడో దెబ్బ దాకా వినపడింది. నాలుగోది అరచేతికి అదురుగా మాత్రమే తెలిసింది.

భుజంతో తోశాడు. కదల్లేదు. వీపు ఆనించి కాళ్ళతో తన్నాడు. కదల్లేదు. పిడి ఇంకా బిగించలేదు కాబట్టి బయటివాడికి పట్టుకుని లాగడానికీ ఏమీ లేదు. మడతబందుల మరలు తలుపు మూస్తే మరుగున పడతాయి. సంచీ బయట, చొక్కా బయట, చొక్కా జేబులో ఫోను బయట. లోపల మిగిలినవి టేపు, చెవి మీద పెన్సిలు, స్టూలు మీద డాక్టరమ్మ కాగితాల కట్ట. గాలి మరకి ఇంకా కన్నం కొట్టలేదు. తీగల కోసం దూదిలో మెలికలు తిప్పి వేసిన రెండు వేలంత బెజ్జాల్లోంచి వచ్చేదే గాలి. జిగురు వాసన అప్పుడే ముక్కులో కూర్చుంది.

కిటికీ అద్దంలో బావమరిది మొహం కనపడింది. నోరు ఆడుతోంది. మాట లేదు.

"వినపడటం లేదురా!" అని అరిచాడు మేస్త్రీ. ఆ అరుపు గోడల దూదిలో ఇంకిపోయింది. తన గొంతు తనకే ఎవరిదోలా వినపడింది.

వడ్రంగి షెడ్డులో అందరూ అతన్ని గీతల మేస్త్రీ అంటారు. అంగుళం మీద ఎంత మిగిలినా గీతల్లోనే చెబుతాడు. "పన్నెండు మీద మూడు గీతలు" అంటాడు. మూడు బై ఎనిమిది అని అతని నోట ఎవరూ వినలేదు. ఇరవై రెండేళ్ళుగా షెడ్డు షెడ్డంతా అతని గీతల మీదే నడిచింది.

దాని వెనక సంగతి ఇంట్లో భార్యకి కూడా తెలియదు. ఐదో తరగతిలో పంతులు బోర్డు మీద ఆరు బై పదహారు రాసి, సూక్ష్మీకరించి, మూడు బై ఎనిమిది చేశాడు. "మిగతా మూడు ఎక్కడికి పోయాయండీ?" అని తను అడిగాడు. పంతులు నవ్వాడు. పంతులు నవ్వాక తరగతి నవ్వడానికి అడ్డేముంది? ఆ రోజు నుంచి కింద అంకె వైపు అతను చూడలేదు. పై అంకెతో బతకొచ్చని టేపు చేతికొచ్చాక తెలిసింది. బతికాడు.

పది రోజుల కిందట పాత టేపు స్ప్రింగు తెగితే కొత్తది కొన్నాడు. గీతలు సన్నగా, ఒత్తుగా ఉన్నాయి. మంచి సరుకు అనుకున్నాడు. గీత గీతే కదా అనుకున్నాడు. ఈ గది ద్వారం కొలిస్తే ముప్పై మీద నాలుగు గీతలు వచ్చింది. ఎప్పుడూ వదిలే ఒక గీత సందు కంటికి చాలదనిపించి రెండు తీసేసి, షెడ్డులో ఉన్న బావమరిదికి ఫోన్లో "ముప్పై మీద రెండు గీతలు కొయ్యి" అన్నాడు. వాడు కోసి తెచ్చాడు.

పోయిన వారం అలమర చెక్కలూ అలాగే చెప్పాడు. మూడుకి మూడూ పొడుగొచ్చాయి. షెడ్డులో అందరి ముందూ, "ఐదు గీతలంటే ఐదు గీతలు! లెక్కపెట్టడం కూడా రాదా నీకు? నీ చేతిలో రంపం పెట్టినందుకు నన్నే అనుకోవాలి" అన్నాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర మేస్త్రీ భార్య, వాడి అక్క, నెమ్మదిగా చెప్పింది. నెలాఖరుకి వాడు వేరే షెడ్డుకి వెళ్ళిపోతాడట.

అద్దం బయట ఇప్పుడు డాక్టరమ్మ కూడా వచ్చి నిలబడింది. కాగితం మీద రాసి అద్దానికి ఆనించింది. "అద్దం పగలగొట్టమంటారా?"

మేస్త్రీ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. ఆ అద్దం రావడానికి మూడు నెలలు పట్టింది. రేపు పొద్దున మొదటి పరీక్ష.

బావమరిది కరెంటు రంపం పైకెత్తి చూపించాడు. తలుపు అంచు వెంట చెక్క బద్ద బిగించి, నిలువునా కోస్తానని సైగ చేశాడు. మంచి ఆలోచనే. తర్వాత అరచెయ్యి తిప్పాడు, ఎంత కొయ్యాలని.

అక్కడే చిక్కు. సందు తక్కువైతే తలుపు రాదు. ఎక్కువైతే అంచుకి వేసే రబ్బరు పట్టీ దాన్ని మూయలేదు, చప్పుడు లోపలికి నడిచొస్తుంది, గది మొత్తం దండగ. మేస్త్రీ తను వదిలిన సందు గుర్తుచేసుకుని కాగితం మీద 2 అని రాసి చూపించాడు.

బావమరిది నొసలు ముడిచాడు. డాక్టరమ్మకి ఏదో చెప్పాడు. ఆవిడ రాసి పెట్టింది. "2 కింద ఎంత?"

ముప్పై ఆరేళ్ళు తప్పించుకు తిరిగిన ప్రశ్న, పారిపోవడానికి సందు లేని గదిలో, అద్దానికి అతుక్కుని నిలబడింది. చూపు తిప్పుకుంటే నాలుగు గోడలూ దూదే.

బావమరిది తన టేపు లాగి అద్దానికి ఆనించాడు. రెండో గీత మీద గోరు పెట్టి, ఇంతేనా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. ఇంతే అని చూపిద్దామని మేస్త్రీ తన టేపు లోపలి నుంచి ఆనించాడు. ఒక కన్ను మూసి, అంగుళానికి అంగుళం ఎదురుగా పెట్టాడు.

గోరు ఉన్న చోట అతని టేపులో నాలుగో గీత ఉంది.

మళ్ళీ చూశాడు. వాడి ఒకటి దగ్గర తనది రెండు. వాడి రెండు దగ్గర తనది నాలుగు. వాడి మూడు దగ్గర ఆరు. అంగుళం చివరిదాకా వేలు పెట్టి లెక్కపెట్టాడు. వాడివి ఎనిమిది, తనవి పదహారు. అంగుళం మాత్రం రెండింటికీ ఒకటే.

పంతులు బోర్డు మీది మిగతా మూడు ఎక్కడికీ పోలేదు. ముక్కలు రెట్టింపు లావయ్యాయి, అందుకని మూడు చాలాయి. ఇంతేనా? ఇంత చిన్న సంగతికా ఇన్నేళ్ళు?

వాడు రెండంటే రెండు గీతలే కోశాడు. వాడి రెండూ, ద్వారం నాలుగూ ఒక్కటే. ద్వారం ఎంతో తలుపూ అంతే అయింది. ఇక సందెక్కడిది? అలమర చెక్కలూ అంతే. వాడి లెక్క తప్పలేదు.

కొయ్యాల్సింది తన గీతల్లో రెండు, వాడి గీతల్లో ఒకటి. అంటే బ్లేడు తినే మందమే. ఒక్క కోత చాలు. ఇక్కడ మేస్త్రీ చెయ్యి ఆగింది. కాగితం మీద ఒట్టి 1 రాస్తే సరిపోతుంది. వాడు ఒక గీత కోస్తాడు, తలుపు వస్తుంది. టేపు సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు. కింద అంకె లేకుండా ఇంకో ఇరవై ఏళ్ళు.

1 అని రాసి చూపించాడు.

బావమరిది మొహం వాడిపోయింది. డాక్టరమ్మ చేతిలోంచి పెన్ను తీసుకుని తనే రాశాడు. అక్షరాలు ఏటవాలుగా ఉన్నాయి. "మళ్ళీ నేనే తప్పు కోశానా బావా? రెండే కోశా. ఒట్టు."

మేస్త్రీ ఆ కాగితం చదివాడు. గాలి చాలడం లేదు.

"తప్పు నాదేరా" అన్నాడు. దూది మింగేసింది. ఎంత సుళువుగా వచ్చింది మాట! ఎవరూ వినని చోట కాబట్టి వచ్చింది.

పెన్సిలు నాలికతో తడిపాడు. ఒకటి కింద గీత గీసి ఎనిమిది వేశాడు. పక్కన సమానం గుర్తు పెట్టి, రెండు, దాని కింద గీత, గీత కింద పదహారు. పదహారులో ఆరు తోకలా సాగింది. కాగితం ఒక చేత్తో, టేపు ఒక చేత్తో అద్దానికి ఆనించి, పదహారు మీద వేలు పెట్టి, ఆ వేలు తన గుండె వైపు తిప్పుకున్నాడు.

బావమరిది కాగితం చూశాడు. తన టేపు చూసుకున్నాడు. అద్దానికి ముక్కు ఆనించి బావ టేపు లెక్కపెట్టాడు, పెదాలు కదుపుతూ. నవ్వలేదు. రంపం తీసుకుని తలుపు వైపు వెళ్ళాడు.

అదురు గోడల్లో పాకింది. అంచు వెంట తెల్లటి వెలుతురు గీత ఒకటి పైనుంచి కిందికి దిగుతూ వచ్చింది. దానితో పాటే పొట్టూ, గాలీ, ఆసుపత్రి గోలా. చివరికి తలుపు తనంత తానే జారినట్టు తెరుచుకుంది.

"బతికే ఉన్నారా మేస్త్రీగారూ? మా మొదటి పేషెంటు మీరే" అంది డాక్టరమ్మ.

మేస్త్రీ గడప దాటి స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. బావమరిది బ్లేడుకి పట్టిన పొట్టు ఊదుతున్నాడు, ఇటు చూడకుండా.

"ఒరేయ్."

"ఊఁ."

"అలమర చెక్కలు... నువ్వు సరిగ్గానే కోశావు. నా టేపు వేరు. నాకు ఆ కింద అంకెలు... చిన్నప్పట్నుంచీ రావురా."

బావమరిది రంపం కింద పెట్టాడు. తల పక్కకి వంచి, చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు.

"వినపడలేదు బావా. షెడ్డులో చెప్పు. అక్కడైతే బాగా వినపడుతుంది."

మేస్త్రీకి షెడ్డు కళ్ళ ముందు కదిలింది. ఎనిమిది బల్లలు, ఎనిమిది జతల చెవులు. చొక్కా తీసి వేసుకున్నాడు. బొత్తాం ఒకటి తప్పి ఇంకో కాజాలో పడింది. సర్దుకోలేదు.

"పద" అన్నాడు.